బేబ్ రూత్ జీవిత చరిత్రము

చరిత్రములు వ్రాయువారు సాధారణముగా రాజులను, కవులను, దేశసేవకులను ఎన్నుకొందురు. మేము ఈ సంచికకొఱకు ఒక ఆటగానిని ఎన్నుకొంటిమి. ఇతడు పండితుడు కాడు. దోషరహితుడనియు మేము చెప్పజాలము. అయినను తల్లిదండ్రులుండియు అనాథవలె ఒక మిషను పాఠశాలలో పెరిగి, లోకప్రసిద్ధుడైన పిదపను ఆ పాఠశాలను మఱువక, దాని ఋణమును తీర్చుటకు ప్రయత్నించిన యీతని వృత్తాంతము విద్యార్థులు చదువదగినదని మా తలంపు.

జార్జి హెర్మన్ రూత్ 1895వ సంవత్సరము ఫిబ్రవరి 6వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములందలి బాల్టిమోరు నగరమున జన్మించెను. తలిదండ్రులు జర్మను వంశజులు. తండ్రి సారాయి దుకాణము నడుపుచుండెను. ఆ దంపతులకు ఎనమండుగురు బిడ్డలు కలిగిరి గాని, వారిలో బ్రదికి పెద్దవారైనవారు జార్జియు, అతని చెల్లెలును మాత్రమే. తండ్రికి దుకాణముతోడనే ప్రొద్దు చాలకుండెను. తల్లి తఱచు జబ్బుపడుచుండెను. పిల్లవాడు బడికి పోక, రేవు వీధులలో తిరుగుచు, పొగాకు నమలుట మొదలగు దురభ్యాసములను నేర్చుకొనెను. వానిని అదుపులో నుంచుట తమ వలన కాదని తలంచి, 1902 జూన్ 13వ తేదీన తలిదండ్రులు వానిని సెయింట్ మేరీస్ పారిశ్రామిక పాఠశాలలో చేర్చిరి. అప్పటికి వానికి ఏడేండ్లు.

ఆ పాఠశాల 1866లో స్థాపింపబడినది. దానిని జేవియర్ బ్రదర్లు అను కథోలిక మఠవాసులు నడపుచుండిరి. వీరి సభ 1839లో బెల్జియము దేశమందలి బ్రూజెస్ పట్టణమున ఏర్పడెను. మన దేశమునకు వచ్చి బోధించి, గోవానగరమున సమాధిచేయబడిన పునీత ఫ్రాన్సిస్ జేవియరు పేరే వారు తమ సభకు పెట్టుకొనిరి. పాఠశాలలో సుమారు 800 మంది బాలురుండిరి. వారిలో అనాథలు, బీదలు, న్యాయస్థానములవారు పంపినవారు, ఇంట నిలువనివారు కలరు. ప్రార్థనము, దివ్యపూజ, చదువు, చేతిపని, ఆట, వీనికి వేర్వేరు వేళలు నియమింపబడి యుండెను. జార్జి అక్కడ చొక్కాలు కుట్టు పని నేర్చెను. నడుమ నడుమ ఇంటికి పోయినను, మరల మరల అచ్చటికే వచ్చుచుండెను. 1912లో తల్లి మరణించెను. అతనికి నిజమైన యిల్లు ఆ పాఠశాలయే యనుట అతిశయోక్తి కాదు.

అచ్చటి క్రమశిక్షణాధికారి బ్రదర్ మథాయస్ అనువారు కెనడా దేశమునుండి వచ్చినవారు. వారు ఆఱున్నర అడుగుల పొడవు కలిగిన మహాకాయులు. వారు బిగ్గరగా కేకలువేయవలసిన యవసరము లేకుండెను. వచ్చి నిలుచున్నచాలు, అల్లరి అణగెడిది. వారు ఒంటిచేత బంతిని ఆకాశమునకు కొట్టుచుండగా చిన్న జార్జి కన్నార్పక చూచుచుండెను. అతని కొట్టు విధమును, నడకయు కూడ వారి ననుకరించినవే.

బేస్‌బాల్ ఆటను మన విద్యార్థులలో చాలమంది ఎఱుగరు. ఇందు నాలుగు స్థానములు చతురస్రముగా 90 అడుగుల దూరమున నుండును. ఒకడు బంతి విసరును. రెండవ పక్షమువాడు గుండ్రని కఱ్ఱతో కొట్టి, స్థానములను చుట్టి మొదటి చోటికి వచ్చిన ఒక పరుగు లెక్కకు వచ్చును. బంతి సరిహద్దు దాటి పడినయెడల కొట్టినవాడు నిరాటంకముగా చుట్టి రావచ్చును. దీనికి హోమ్ రన్ అని పేరు. మన క్రికెట్టులో ఆఱు కొట్టుట వంటిదే.

జార్జి ఎడమచేతివాటము కలవాడు. పాఠశాలలో అట్టివారికి తగిన చేతితొడుగు లేనందున, ఎడమచేతి తొడుగుతోనే బంతి పట్టి, తొడుగు విప్పి, అదే చేతితో విసరుచుండెను. ఒకనాడు తన పక్షపు బంతి విసరువాడు ఎదుటివారిచేత చితుకగొట్టబడుచుండగా ఇతడు పరిహసించి నవ్వెను. బ్రదర్ మథాయస్ కోపింపక, నవ్వినవానినే బంతి విసరుమని నియమించిరి. శిక్షగా వచ్చిన ఆ పని ఇతని భాగ్యమునకు ద్వారమయ్యెను.

1914లో బాల్టిమోరు జట్టు యజమానియగు జాక్ డన్ ఇతనిని ఆ సంవత్సరపు ఆటలకు 600 డాలర్లకు కుదుర్చుకొనెను. పందొమ్మిదేండ్ల యీ పసివానిని జూచి తోటివారు బేబ్, అనగా పసిబిడ్డ, అని పిలువసాగిరి. ఆ పేరే నిలిచెను. అదే యేట బోస్టన్ జట్టు ఇతనిని కొనెను. అచ్చట ఇతడు మిక్కిలి గొప్ప బంతి విసరువాడయ్యెను. 1919లో 29 హోమ్ రన్‌లు కొట్టి, కొట్టుటయందును అందఱిని మించెను. న్యూయార్కు యాంకీసు జట్టునకు అమ్మబడినట్లు 1920 జనవరిలో ప్రకటింపబడి, ఆ యేట 54 కొట్టెను.

ఇంతలో ఒక విపత్తు సంభవించెను. 1919 ఏప్రిల్‌లో సెయింట్ మేరీస్ పాఠశాల భవనములు అగ్నిపాలయ్యెను. తిరిగి కట్టుటకు ధనము లేదు. రూత్ ఈ సంగతిని తనదిగా భావించెను. 1920లో ఆటలకాలము ముగియు దినములలో పాఠశాల వాద్యబృందపు బాలురు యాంకీసు జట్టుతోకూడ రైలులో నగరమునుండి నగరమునకు ప్రయాణము చేసిరి. క్రీడాస్థలములలో వారు బాజాలు వాయించుచుండగా ప్రేక్షకులు చందాలు వేసిరి. నిన్నటివరకు ఎవరికిని అక్కఱలేని పిల్లలను వేలకొలది జనులు కరతాళధ్వనులతో ఆదరించిరి. మా దృష్టిలో ఇతడు కొట్టిన హోమ్ రన్‌లన్నిటికంటె ఇది గొప్పది.

ఆ కాలమున అమెరికాలో కథోలికులను అనేకులు పరాయివారిగా చూచుచుండిరి. ఐర్లండు, జర్మనీ, ఇటలీ, పోలండు దేశములనుండి వచ్చిన బీద కూలివారు వారిలో పెక్కుమంది. వారి భాషలు వేఱు, వీధులు వేఱు. ఆదివారమున దివ్యపూజయందును, తీరిక దొరికినపుడు ఆటస్థలమునందును వారు ఒక్కటిగా కూడుచుండిరి. అచ్చట ఇతర మతస్థులతో ప్రక్కప్రక్కను కూర్చుండి ఒకే జట్టునకు జయము కోరుచుండిరి. రూత్ తన మతమును దాచలేదు. 1919లో నైట్స్ ఆఫ్ కొలంబస్ అను కథోలిక సంఘమున చేరెను. 1928లో కథోలికుడగు ఆల్ స్మిత్ అధ్యక్షపదవికి పోటీచేయగా బహిరంగముగా బలపఱచెను.

1923 సెప్టెంబరు 4వ తేదీన జరిగిన సంగతి యొకటి చెప్పవలసియున్నది. ఫిలడెల్ఫియా నగరమున అసెన్షన్ విచారణవారు తమ ఆటస్థలమునకై అప్పులపాలై యుండిరి. రూత్ ఆ దినమున తన జట్టుకొఱకు ఆడి, అలసటను లెక్కింపక, విచారణ గురువు కోరికపై ఆ చిన్న జట్టు పక్షమున మరల ఆడెను. ప్రజలు వేలకొలదిగా వచ్చిరి. మేడలమీదికిని ఎక్కి చూచిరి. ఆటలో ఆ జట్టు 2-1 తేడాతో ఓడిపోయెను. ఓడినను విచారణవారికి ఆ దినము పండుగయే.

ఇతని లోపములను దాచుట ధర్మము కాదు. తిండియందును, త్రాగుటయందును, ఖర్చునందును ఇతనికి మితము లేకుండెను. మొదటి వివాహము సుఖముగా సాగలేదు. 1925లో ఆరోగ్యము చెడెను. నియమములను మీఱినందులకు జట్టు నిర్వాహకుడు 5,000 డాలర్ల జుల్మానా విధించెను. ఆ యవమానము పిదప ఇతడు దేహమును చక్కబెట్టుకొని, 1927లో 60 హోమ్ రన్‌లు కొట్టెను. తన గురువగు బ్రదర్ మథాయస్‌కు 1926లో విలువగల మోటారుకారు నొకటి బహూకరించెను. అది రైలు తాకి విఱుగగా మఱియొకటి కొని యిచ్చెను. ఊరూర అనాథాలయములను, ఆసుపత్రులలోని పిల్లలను చూడబోవుచుండెను.

1935లో ఆట మానునప్పటికి ఇతని హోమ్ రన్‌లు మొత్తము 714. ఈ సంఖ్యను 1974లో గాని మఱియొకడు దాటలేకపోయెను.

1946లో గొంతు పైభాగమున పుట్టకుఱుపు పుట్టెను. శస్త్రచికిత్సకు ముందు ఇతడు పాపసంకీర్తనము చేసికొని, దివ్యసత్ప్రసాదము స్వీకరించి, చిన్ననాటి భక్తికి మరలెను. 1947 ఏప్రిల్ 27వ తేదీన దేశమందలి పెద్ద క్రీడాస్థలములన్నిటను ఇతని గౌరవార్థము ఉత్సవము జరిగెను. యాంకీ స్టేడియమున కార్డినల్ స్పెల్మన్ ప్రార్థించిరి. బొంగురుపోయిన కంఠముతో రూత్ కొన్ని మాటలు పలికెను. 1948 ఆగస్టు 16వ తేదీన పరమపదించెను. శరీరమును రెండు దినములు యాంకీ స్టేడియమున నుంచగా జనసమూహము బారులుతీరి దర్శించెను. 19వ తేదీన సెయింట్ పాట్రిక్ ప్రధానాలయమున కార్డినల్ గారి యాధ్వర్యమున అంత్యపూజ జరుగుచుండగా, వెలుపల వేలకొలది జనులు వానలో నిలిచియుండిరి. నాడు అతనిని ఎవరును అదుపునకురాని పిల్లవాడని తలంపలేదు.

బ్రదర్ మథాయస్ 1944లోనే గతించిరి. సెయింట్ మేరీస్ పాఠశాలయు 1950లో మూయబడెను. అయినను ఆ పాఠశాల చేసిన పని నిలిచియున్నది. విద్యార్థులారా! మనలో అందఱును రూత్‌వలె బంతిని కొట్టజాలము. కాని మనకు అన్నము పెట్టి, తప్పు దిద్ది, మన యందు నమ్మకముంచిన బడిని దాని కష్టకాలమున జ్ఞప్తి యుంచుకొనుట మనలో ఎవరికిని అసాధ్యము కాదు.