ఆల్‌స్ట్ పట్టణపు ముద్రాపకుడు డిర్క్ మార్టెన్స్

బెల్జియము దేశమందలి ఫ్లాండర్సు సీమలో, డెండర్ నదీతీరమున, ఆల్‌స్ట్ అను అంగడిపట్టణము గలదు. ఊరి నడుమనున్న సంతబయలున పదుమూడవ శతాబ్దపు సభాభవనమును, 1460లో ముగిసిన గంటగోపురమును నేటికిని చూడవచ్చును. వాని యెదుట నిలిచియున్న విగ్రహము ఒక అచ్చుపనివానిది. ఆ మహనీయుని చరిత్రమును మేమిచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

డిర్క్ మార్టెన్స్ పదునైదవ శతాబ్దపు నడిమికాలమున ఈ యూరనే జన్మించెను. అంతకు మున్ను పుస్తకమనగా లేఖకుడు నెలల తరబడి చేతితో వ్రాసినదే. కావున అది ధనికులకు మాత్రమే దక్కుచుండెను. జర్మనీలో గూటెన్‌బర్గు నెలకొల్పిన అచ్చువిద్య అప్పుడప్పుడే దేశాంతరములకు వ్యాపించుచుండెను. మార్టెన్స్ వెనిస్ నగరపు పనితనమును నేర్చి, స్వస్థలమునకు మరలి, వెస్ట్‌ఫేలియా వాడైన యోహానుతో గూడి 1473లో పుస్తకములను అచ్చొత్తెను. దక్షిణ నెదర్లాండ్సున ముద్రణ మీ చిన్న పట్టణముననే మొదలయ్యెను.

పిమ్మట నాతడు ఆంట్వెర్పులోను, లూవెనులోను ముద్రాలయములు నడిపెను. క్రొత్త భూములను గూర్చి కొలంబసు వ్రాసిన లేఖ 1493లో ఆతని యచ్చున వెలువడెను. థామస్ మోర్ రచించిన యుటోపియా మొట్టమొదట వెలుగు చూచినది 1516లో, లూవెనునందలి యాతని ముద్రాలయముననే. పండితుడైన ఎరాస్మస్ ఆతని యింట బసచేసి, తన గ్రంథముల ననేకము లాతనికే యొప్పగించెను. 1517లో లూవెనున లాటిను, గ్రీకు, హీబ్రూ భాషలు నేర్పు కళాశాల యేర్పడగా, విద్యార్థులకు వలసిన గ్రీకు పుస్తకములను మార్టెన్స్ అచ్చువేసి యిచ్చెను.

కీర్తి యెంత కలిగినను గృహసౌఖ్య మాతనికి నిలువలేదు. సోదరులు, భార్య, బిడ్డలు అందరును ఆతనికంటె ముందే గతించిరి. 1529లో వృద్ధుడు పని విడిచి ఆల్‌స్ట్ చేరి, ఒక మఠమున నాశ్రయము పొంది, 1534 మే 28వ తేదీన కన్నుమూసెను. సమాధిపై చెక్కుటకు ఎరాస్మస్ స్వయముగా పద్యము రచించి యిచ్చెను. ఆ సమాధిశిల నేడు సెంట్ మార్టిన్ దేవాలయమున నున్నది. రూబెన్సు చిత్రించిన సెంట్ రాక్ పటమును చూడవచ్చినవారు దీనినిగూడ దర్శింతురు. సంతబయలున విగ్రహమును 1856లో నిలిపిరి.

తన పేరు చెప్పు బిడ్డ యొక్కడును మిగులని యా ముదుసలిని, ఆతడు కూర్చిన యక్షరములే యిన్ని శతాబ్దములు బ్రదికించినవి. పేదవిద్యార్థి చేతికిని పుస్తకము నందించిన యీ యచ్చువిద్య వెనుక నిట్టివారి శ్రమ గలదని మనమెల్లరము స్మరింతుము గాక.