బొద్దింకకి పాఠం చెప్పిన మాస్టారు

హాస్టల్ రూమ్‌లో బొద్దింక కనిపిస్తే మనం ముందు వెతికేది చెప్పు. లైట్ వేయగానే అది మంచం కిందకి పారిపోతుంది. వెలుగు పడితే చీకట్లోకి పరిగెత్తు, అంతే. చూస్తే ఒక్క లైన్ ఇఫ్-ఎల్స్ కోడ్‌లా ఉంటుంది. వందేళ్ల క్రితం చాలామంది సైంటిస్టులు కూడా అలాగే అనుకున్నారు. అయస్కాంతం ఇనుముని లాగినట్టు వెలుగో చీకటో పురుగుని లాగుతుంది, అందులో తెలివి ఏమీ లేదన్నారు. పురుగులు కూడా నేర్చుకుంటాయని ప్రయోగం చేసి చూపించిన తొలి తరం వాళ్లలో ఒకాయన హైస్కూల్ టీచర్. పేరు చార్లెస్ హెన్రీ టర్నర్.

1867 ఫిబ్రవరి 3న అమెరికాలోని సిన్సినాటిలో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టారు. దేశంలో బానిసత్వం రద్దయి అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు. నాన్న చర్చిలో పని చేసేవారు, అమ్మ నర్సు. సిన్సినాటి యూనివర్సిటీలో 1891లో డిగ్రీ, 1892లో మాస్టర్స్ పూర్తి చేశారు. ఆ 1892లోనే సాలెపురుగుల మీద పేపర్ రాశారు. గూడు అల్లడం పుట్టుకతో వచ్చిన గుణమే కానీ, ఉన్న చోటుని బట్టి అల్లిక మార్చుకోవడంలో తెలివి ఉందని అందులో తేల్చారు.

తర్వాత అట్లాంటాలో కాలేజీ పాఠాలు చెబుతూ, రొయ్యలాంటి క్రేఫిష్ మెదడులో పుట్టగొడుగు ఆకారంలో ఉండే భాగాల గురించి 1901లో రాశారు. పురుగుల మెదడులో ఉండే ఇలాంటి భాగాలకి నేర్చుకోవడంలో, గుర్తుపెట్టుకోవడంలో పెద్ద పాత్ర ఉందని చాలా కాలం తర్వాత తెలిసింది.

1907లో షికాగో యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ వచ్చింది. టాపిక్: చీమలు ఇంటికి దారి ఎలా కనుక్కుంటాయి? ఆయన చిన్న అట్ట వేదిక కట్టి, దిగడానికి రెండు వైపులా వాలు దారులు పెట్టి, పక్కన దీపం ఉంచారు. చీమలు దారికి అలవాటు పడ్డాక దీపాన్ని అవతలి వైపుకి మార్చారు. అవి కూడా రూటు మార్చేశాయి. అంటే వాసన ఒక్కటే కాదు, వెలుగు వచ్చే దిక్కుని కూడా లెక్కలోకి తీసుకుంటున్నాయన్నమాట.

ఇంత చేసినా, ఏ పెద్ద యూనివర్సిటీలోనూ ఆయనకి పరిశోధన చేసే ఉద్యోగం దొరకలేదు. 1908లో సెయింట్ లూయిస్‌లో నల్లజాతి పిల్లల కోసం నడిచే సమ్నర్ హైస్కూల్లో చేరారు. సొంత ల్యాబ్ లేదు, రీసెర్చ్ స్టూడెంట్లు లేరు. పగలంతా క్లాసులు. ఆయన పేరు నిలబెట్టిన ప్రయోగాలు చాలావరకు అక్కడ ఉండగా చేసినవే.

1910లో ఓఫాలన్ పార్కులో రంగు డబ్బాల్లో తేనె పెట్టి, తేనెటీగలు గుర్తుపెట్టుకుని ఆ రంగుకే తిరిగి వస్తాయని చూపించారు. నిజానికి మనకి ఎర్రగా కనిపించేది తేనెటీగకి దాదాపు నల్లగా కనిపిస్తుంది. అవి గుర్తుపట్టేది రంగునే, వెలుతురు తేడాని కాదు అని బూడిదరంగు కాగితాలతో గట్టిగా నిరూపించింది 1914లో కార్ల్ వాన్ ఫ్రిష్. కానీ తేనెటీగని ఆరుబయట ఇలా పరీక్షించొచ్చని టర్నర్ ముందే చేసి చూపించారు.

అసలు కథ 1912లో. ఒక పెట్టెలో సగం వెలుగు, సగం చీకటి. చీకటి వైపు అడుగు పెడితే చిన్న కరెంట్ షాక్. కొన్నిసార్లు తగిలాక బొద్దింకలు చీకటి దగ్గరికి వచ్చి వెనక్కి తిరగడం మొదలుపెట్టాయి. వేరే ఆకారం ఉన్న పెట్టెలోకి మార్చినా చీకటికి దూరంగానే ఉన్నాయి. పాత పెంకు విడిచి కొత్త పెంకులోకి వచ్చాక కూడా ఆ పాఠం మర్చిపోలేదు. పుట్టుకతో వచ్చిన కోడ్‌ని అనుభవం ఓవర్‌రైడ్ చేసింది.

ఇది ఎంతవరకు వెళ్లిందో చూడండి. బొద్దింక కాళ్లని నడిపేది ముఖ్యంగా ఛాతీలో ఉండే నాడీ ముడులు. తల తీసేసిన బొద్దింక కాలు కూడా షాక్ తప్పించుకోవడానికి పైకి ఎత్తి ఉంచడం నేర్చుకుంటుందని 1962లో హారిడ్జ్ అనే శాస్త్రవేత్త చూపించారు. తేనెటీగ మెదడు మొత్తంలో ఉండేది సుమారు 10 లక్షల న్యూరాన్లు. మనకి దాదాపు 8,600 కోట్లు. నేర్చుకోవడానికి ఆ కొంచెం కూడా చాలు.

టర్నర్ 70కి పైగా పేపర్లు రాశారు. ఆరోగ్యం దెబ్బతిని 1922లో ఉద్యోగం వదిలేశారు. 1923 ఫిబ్రవరి 14న షికాగోలో చనిపోయారు. అప్పటికి 56 ఏళ్లు. తర్వాత సెయింట్ లూయిస్‌లో ఒక స్కూలుకి ఆయన పేరు పెట్టారు.

తప్పు చేస్తే పెనాల్టీ, సరిగ్గా చేస్తే రివార్డ్ ఇచ్చి మోడల్‌ని ట్రైన్ చేయడం మనం మెషిన్ లెర్నింగ్‌లో చదువుతున్నాం. వాన్ ఫ్రిష్‌కి 1973లో నోబెల్ వచ్చింది, ఆయన పేరు చాలామందికి తెలుసు. ఆ పేరు పక్కన స్కూలు బెల్లు మోగాక ప్రయోగాలు చేసుకున్న ఈ మాస్టారి పేరు కూడా గుర్తుపెట్టుకుందాం.