మాటకు నెలవు కనుగొన్న వైద్యుడు

సరస్వతి జిహ్వాగ్రాన నివసిస్తుందని మన పెద్దలు భావించారు. ఆ వాక్కుకు మెదడులో గల స్థానాన్ని నిరూపించిన మహావైద్యుడు పాల్ బ్రోకా.

బ్రోకా 1824 జూన్ 28న ఫ్రాన్సు దేశంలో బోర్డో నగర సమీపాన గల సెంట్ ఫ్వా లా గ్రాండ్ పట్టణంలో జన్మించాడు. తండ్రి వైద్యుడు. బ్రోకా పదిహేడవ ఏట పారిస్ నగరంలో వైద్యవిద్యార్థిగా చేరి, అనతికాలంలోనే శస్త్రవైద్యునిగా కీర్తి గడించాడు. 1859లో పారిస్ మానవశాస్త్ర సంఘాన్ని స్థాపించాడు. మెదడంతా ఏకంగా పనిచేస్తుందా, లేక ఒక్కొక్క భాగం ఒక్కొక్క పనిని నిర్వహిస్తుందా అనే వివాదం ఆ సంఘంలో తీవ్రంగా సాగింది.

1861 ఏప్రిల్‌లో బిసేత్ర్ ఆసుపత్రిలో లెబోర్న్ అనే రోగి బ్రోకా వద్దకు వచ్చాడు. అతడు ఇరవై ఒక్క సంవత్సరాలుగా ఆ ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఏమి అడిగినా అతని నోట సాధారణంగా వెలువడేది టాన్ అనే శబ్దమే. అందరూ అతనిని ఆ పేరుతోనే పిలిచేవారు. ఎదుటివారి మాటలు అతనికి చాలావరకు అర్థమయ్యేవి. కుడిచేయి చచ్చుబడినందున ఎడమచేతి వేళ్లతో అంకెలు చూపేవాడు. ఏప్రిల్ 17న అతడు మరణించాడు. బ్రోకా అతని మెదడును పరీక్షించి, ఎడమ అర్ధగోళపు ముందు భాగం దెబ్బతిన్నదని గుర్తించాడు. మరునాడే ఆ మెదడును సంఘసభ్యుల ముందు ఉంచాడు.

ఒక్క నిదర్శనంతో బ్రోకా తృప్తి చెందలేదు. నాలుగేండ్లపాటు మరికొందరు రోగులను పరిశీలించి, వాక్కుకు ఎడమ అర్ధగోళమే ప్రధానమని 1865లో ప్రకటించాడు. చూపునకు ఒకేలా కనిపించే రెండు అర్ధగోళాలూ పనిలో సమానం కావని లోకానికి తెలిసింది. మార్క్ డాక్స్ అనే వైద్యుడు 1836లోనే ఈ భావాన్ని వెలిబుచ్చాడని అతని కుమారుడు వాదించాడు. కాని శాస్త్రలోకం ఆ స్థానానికి బ్రోకా పేరే పెట్టుకొంది.

బ్రోకా పొరపడిన సందర్భమూ ఉంది. పుర్రెల కొలతలనుబట్టి జాతుల, స్త్రీపురుషుల మేధాశక్తిని నిర్ణయించవచ్చునని నమ్మాడు. తరువాతి శాస్త్రం ఆ నమ్మకాన్ని త్రోసిపుచ్చింది. 1880లో సెనేట్ సభ్యుడై, అదే ఏడాది జులై 9న తన యాభై ఆరవ ఏట కన్నుమూశాడు.

ఈ కుడిఎడమల భేదం మానవునికే ప్రత్యేకమని పండితులు చాలాకాలం తలచారు. 1970ల నాటి పరిశోధనలు పక్షుల కూతలోనూ దానిని కనుగొన్నాయి. గుర్రాలు, గొఱ్ఱెలు, కంగారూలు మొదలైన జంతువుల పిల్లలు తల్లిని వెంబడించేటప్పుడు ఆమెను తమ ఎడమ కంటి వైపున ఉంచుకోవడానికే మొగ్గుచూపుతాయని 2017లో వెల్లడైంది. ఎడమ కంటి చూపు ప్రధానంగా కుడి అర్ధగోళానికి చేరుతుంది. తల్లీబిడ్డల బంధానికి ఆ అర్ధగోళం తోడ్పడుతుందని శాస్త్రజ్ఞుల భావన.

మాట పడిపోయిన ఒక నిర్భాగ్యుని సహనంతో పరిశీలించడం వల్లనే ఈ జ్ఞానమార్గం తెరచుకొంది. లోకం విస్మరించిన వానిలోనూ నేర్వదగిన సత్యం ఉంటుందని బ్రోకా జీవితం మనకు బోధిస్తున్నది.