ఆరు చుక్కల లూయీ బ్రెయిలీ

లూయీ బ్రెయిలీ పేరు మనలో చాలామంది విన్నదే. అంధులకు లిపి కనిపెట్టిన ఫ్రెంచి మేధావి అని జనరల్ నాలెడ్జి పుస్తకంలో ఒక లైను చదువుతాం, పరీక్ష అయ్యాక మరిచిపోతాం. ఆ లిపి తయారయ్యేనాటికి ఆయన వయసు పదిహేనేళ్ళు. అప్పటికి మేధావీ కాదు, ఏమీ కాదు, స్కూలు హాస్టల్లో వుండే ఒక కుర్రవాడు. ఇంకో సంగతి, ఆయన చదివి, ఆ తర్వాత పాఠాలు చెప్పిన స్కూలు పెద్దలే ఒకప్పుడు ఆ లిపి పనికిరాదు పొమ్మన్నారు. ఇది తెలిసిన దగ్గర్నుంచీ నాకు ఆయన మీద ఇష్టం ఎక్కువైంది.

లూయీ 1809 జనవరి 4న పుట్టాడు. ఊరు కూవ్రే, పారిస్‌కు తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరంలో వున్న పల్లె. తండ్రి సిమోన్ రెనే గుర్రాలకు జీన్లు, పగ్గాలు కుట్టేవాడు. కొద్దిగా పొలం, ద్రాక్షతోట కూడా వుండేవి. నలుగురు పిల్లల్లో లూయీ ఆఖరివాడు. మూడేళ్ళప్పుడు తండ్రి పనిచేసే కొట్టులో ఏదో తోలుపని పనిముట్టు తీసుకుని ఆడుతుంటే అది జారి కంట్లో గుచ్చుకుంది. ఆరె అని కొందరు, కత్తి అని కొందరు రాశారు. గాయం చీముపట్టి రెండో కంటికీ పాకింది. ఐదేళ్ళకల్లా రెండు కళ్ళూ పోయాయి. పెన్సిలిన్ రావడానికి అప్పటికింకా నూరేళ్ళు పైగా వుంది. మా ఇళ్ళల్లోనూ కొడవళ్ళు పిల్లలకు అందకుండా చూరులో దోపుతారు. అయినా పనిజరిగే ఇంట్లో ఏదో ఒకటి కింద వుండనే వుంటుంది. అందుకే ఆ తండ్రిని తప్పుపట్టాలని నాకు అనిపించలేదు.

పైగా ఆ తల్లిదండ్రులు కళ్ళులేని పిల్లాడని మూలన కూర్చోబెట్టలేదు. ఊరి చర్చి ఫాదరీ పల్వీ చొరవతో మామూలు బడికే పంపారు. చూసి చదవలేకపోయినా విని అన్నీ పట్టేవాడు. 1819 ఫిబ్రవరిలో, పదేళ్ళ వయసులో, వాణ్ణి పారిస్‌లోని అంధబాలుర రాజకీయ పాఠశాలలో చేర్చారు. రాజకీయ అంటే ఇక్కడ రాజుగారి ప్రభుత్వం నడిపేది అని అర్థం. వాలెంతీన్ అయీ అనే ఆయన 1785 ప్రాంతంలో స్థాపించిన ఈ స్కూలే ప్రపంచంలో అంధులకు మొదటి స్కూలు. కట్టడం మాత్రం పాతది, చెమ్మ గోడలు. ఫ్రెంచి విప్లవం రోజుల్లో దాన్ని జైలుగా వాడారు.

అయీగారు మందపాటి కాగితం మీద మామూలు అక్షరాలనే ఉబ్బెత్తుగా అచ్చువేయించారు. గొప్ప ఆలోచనే, కాదనను. కాని ఒక్కో అక్షరం చుట్టూ వేలు తిప్పి అది ఏదో పోల్చుకోవాలి. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోయే పద్ధతి. పుస్తకాలు బండల్లా బరువు, వున్నవే నాలుగు. ఇక రాయడం అన్నమాటే లేదు. అంటే ఆ పిల్లలు ఎవరో అచ్చువేసి పెట్టింది తడుముకోవాలేగాని, తమ మాట తాము కాగితం మీద పెట్టలేరు.

1821లో షార్ల్ బార్బియే అనే మాజీ సైనికాధికారి చుక్కలతో రాసే తన పద్ధతిని స్కూలుకు పరిచయం చేశాడు. రెండు నిలువు వరుసలు, వరుసకు ఆరు దాకా చుక్కలు. అవి అక్షరాలకు గుర్తులు కావు, శబ్దాలకు గుర్తులు. స్పెల్లింగు లేదు, అంకెలు లేవు, కామా ఫుల్‌స్టాపులు లేవు, సంగీతం అసలే లేదు. గుర్తు పొడుగు కావడంతో వేలికొన కింద ఇమడదు. కాని గీతకంటే చుక్క వేలికి త్వరగా అందుతుందన్న కిటుకు లూయీకి పట్టుబడింది. పగలు క్లాసులు, రాత్రి అందరూ పడుకున్నాక కాగితం, పొడుచుకునే సూది. 1824కల్లా పన్నెండు చుక్కలు ఆరుకు దిగాయి.

సైన్సు విద్యార్థులకు ఇక్కడ ఒక చిన్న లెక్క. ఒక్కో చోట చుక్క వుండటం, లేకపోవడం, రెండే అవకాశాలు. ఆరు చోట్లకు రెండును ఆరుసార్లు గుణిస్తే 64. అన్నీ ఖాళీగా వున్నది తీసేస్తే 63 గుర్తులు. అక్షరాలకు, అంకెలకు, సంగీతానికి కూడా సరిపోతాయి. వేలు పైకీ కిందకీ జరపనక్కర్లేదు, ఒక్క స్పర్శకు ఒక్క అక్షరం. వరుస కూడా తీరుగా వుంటుంది. మొదటి పది అక్షరాలు పై నాలుగు చుక్కల్లోనే వస్తాయి. వాటికే మూడో చుక్క కలిపితే తర్వాతి పది. రాసేటప్పుడు కాగితం వెనకనుంచి, కుడినుంచి ఎడమకు పొడిచి, తిప్పి చదువుకోవాలి.

1829లో ఈ పద్ధతి మీద పుస్తకం వచ్చింది. తమాషా ఏమిటంటే ఆ పుస్తకాన్ని పాత ఉబ్బెత్తు అక్షరాల్లోనే అచ్చువేశారు. అందులో బార్బియేకు చెందవలసిన గౌరవం దాచకుండా చెప్పాడు లూయీ. అప్పటికే అదే స్కూల్లో సహాయ ఉపాధ్యాయుడు, 1833లో పూర్తి ఉపాధ్యాయుడయ్యాడు. చర్చిలో ఆర్గన్ వాయించేవాడు. ఈ మధ్యలోనే క్షయ పట్టుకుంది.

చుక్కల్ని ఆదరించిన డైరెక్టరు పిన్యేను 1840లో తీసేసి, ద్యుఫో అనే ఆయన్ను వేశారు. కళ్ళున్నవాళ్ళు చదవలేని లిపి అంధులకు నేర్పితే వాళ్ళు లోకానికి దూరమైపోతారన్నది అప్పటి పెద్దల వాదన. వినడానికి న్యాయంగానే వుంటుంది. కాని చదవాల్సింది ఎవరు? వేళ్ళతో చదివే పిల్లల్ని ఒక్కమాట అడిగినవాళ్ళు లేరు. పాత పుస్తకాలు తగలబెట్టించారు, చుక్కలు మానుకోమన్నారు. పిల్లలు మానలేదు. చాటుగా ఒకరికొకరు నేర్పుకున్నారు, చుక్కల్లోనే చీటీలు రాసుకున్నారు. హాస్టల్లో వుండేవాళ్ళకు ఇది ఎలా సాధ్యమో నేను చెప్పక్కర్లేదు. చివరికి ద్యుఫో కింద పనిచేసే గ్వాదే మెత్తబడి, పై అధికారికీ నచ్చజెప్పాడు. 1844 ఫిబ్రవరిలో కొత్త భవనం ప్రారంభోత్సవంలో అందరి ముందూ చుక్కల లిపి చదివించి, రాయించి చూపించారు.

లూయీ 1852 జనవరి 6న ఆ స్కూల్లోనే చనిపోయాడు. నలభై మూడు నిండి రెండు రోజులు. పారిస్ పత్రికల్లో ఒక్క ముక్క రాలేదు. ఆ తర్వాత రెండేళ్ళకు, 1854లో, స్కూలు ఆ లిపిని అధికారికంగా ఒప్పుకుంది. 1878లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ సభ ఇతర దేశాలకూ సిఫారసు చేసింది. మన దేశంలో భాషకో తీరుగా వుండటం పోయి, 1951లో భారతీ బ్రెయిలీ ఖాయమైంది. అందులో తెలుగు ‘క’కు, హిందీ ‘క’కు, ఇంగ్లీషు ‘కె’కు ఒకటే గుర్తు, ఒకటో చుక్కా మూడో చుక్కా. గుడులు, కొమ్ముల బెడద లేదు, ‘క’ పక్కన ‘ఇ’ పెడితే ‘కి’.

1952లో, చనిపోయిన నూరేళ్ళకు, ఫ్రాన్సు ప్రభుత్వం ఆయన అస్థికల్ని కూవ్రే నుంచి పారిస్ తెచ్చి, దేశంలోని మహామహుల సమాధులుండే పాంథియోన్‌లో వుంచింది. చేతులు మాత్రం ఊరివాళ్ళకే వదిలారు. అవి కూవ్రే శ్మశానంలో, ఆయన పాత సమాధి మీద ఒక చిన్న పాత్రలో వున్నాయి.