డాక్టరు నార్మన్ బెతూన్

వైద్యవిద్య నభ్యసించినవాడు ఏ శాఖను చేపట్టవలెనన్న ప్రశ్నకు సాధారణముగా అభిరుచియో, జీవనోపాధియో సమాధానము చెప్పును. లోకములోని న్యాయాన్యాయములను గూర్చి ఏర్పరచుకొన్న రాజకీయ విశ్వాసమే దారి చూపుట అరుదు. కెనడా దేశీయుడైన శస్త్రవైద్యుడు డాక్టరు నార్మన్ బెతూన్ అట్టి అరుదైనవారిలో నొకడు.

బెతూన్ 1890 మార్చి నెలలో ఒంటారియో రాష్ట్రమందలి గ్రేవెన్‌హర్‌స్ట్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. తాత వైద్యుడు, ఆ తాత పేరే మనుమనికి పెట్టిరి. టొరాంటో విశ్వవిద్యాలయమున చదువుచు, నడుమ కొంతకాలము అడవులలో కలప కొట్టు కూలీలతో కలిసి పనిచేసి, రాత్రివేళ వారికి అక్షరములు నేర్పెను. మొదటి ప్రపంచయుద్ధము రాగానే క్షతగాత్రులను మోయు దళమున చేరి, 1915లో ఈప్రె రణరంగమున గాయపడెను. స్వదేశమునకు మరలివచ్చి 1916లో వైద్యపట్టమును పొందెను. పిదప అమెరికాలోని డెట్రాయిట్ నగరమున వృత్తి నారంభించెను.

1926లో ఆయనకు క్షయవ్యాధి సోకెను. ఆ దినములలో క్షయకు ఔషధము లేదు. విశ్రాంతియు, మంచిగాలియు, బలవర్ధకమైన ఆహారమే చికిత్స. న్యూయార్కు రాష్ట్రమందలి సారనాక్ సరస్సు చెంతనున్న ఆరోగ్యశాలలో పండుకొని బెతూన్ మృత్యువునకై ఎదురుచూచుచుండెను. ఇంతలో, రొమ్ములోనికి గాలి నెక్కించి, వ్యాధిగ్రస్తమైన ఊపిరితిత్తిని అణచి, దానికి విశ్రాంతి కల్పించు పద్ధతిని ఒక గ్రంథమున చదివెను. అపాయకరమని వైద్యులు సంశయించినను, పట్టుపట్టి తనకు దానిని చేయించుకొని 1927లో స్వస్థుడయ్యెను. ఒక పుస్తకము ఆయనకు ప్రాణదాన మొనర్చినదనుట అతిశయోక్తి కాదు.

అంతట ఆయన రొమ్ము శస్త్రచికిత్సను తన శాఖగా నెన్నుకొనెను. ఈ మొదటి ఎన్నికలో రాజకీయము లేదు, స్వానుభవమే కారణము. 1928లో మాంట్రియల్ నగరమున ప్రఖ్యాత శస్త్రవైద్యుడైన ఎడ్వర్డ్ ఆర్చిబాల్డ్ వద్ద చేరి, కొన్ని సంవత్సరములలో పేరుపొందెను. శస్త్రపరికరములు పెక్కింటిని సంస్కరించెను. ప్రక్కటెముకలను కోయు కత్తెర యొకటి ఆయన పేరుతోనే ప్రసిద్ధి చెందినది.

కాని ఆర్థికమాంద్యపు దినములు వచ్చెను. తాను నయముచేసి పంపిన బీదరోగులు మరల ఆ ఇరుకు గదులకు, ఆ అర్ధాకలికి పోయి, అదే వ్యాధితో తిరిగివచ్చుట ఆయన చూచెను. ధనికుడు విశ్రమించి కోలుకొనుచుండగా, విశ్రమించిన కూలి దొరకని బీదవాడు మరణించుచుండెను. కత్తి కోయగలిగినది వ్యాధిని మాత్రమే. దాని మూలము దారిద్ర్యమున నున్నదని ఆయనకు దృఢమయ్యెను. 1935లో సోవియట్ దేశమును దర్శించి, అచ్చటి క్షయనివారణ పద్ధతులను పరిశీలించి వచ్చి, కమ్యూనిస్టు పార్టీలో చేరెను. 1936లో మిత్రులతో సంఘముగా ఏర్పడి, వైద్యము ప్రజలందరి హక్కు కావలెనని ప్రభుత్వమునకును, తోటి వైద్యులకును ఒక ప్రణాళికను సమర్పించెను. వారు దానిని ఆదరింపలేదు.

ఆ సంవత్సరమే స్పెయిన్ దేశమున అంతర్యుద్ధము చెలరేగెను. బెతూన్ ఆసుపత్రి పదవిని విడిచి, గణతంత్రపక్షమునకు తోడ్పడుటకై మాడ్రిడ్ చేరెను. ఊపిరితిత్తుల వైద్యునికి అచ్చట పనిలేదు. క్షతగాత్రులు ఆసుపత్రికి చేరకముందే రక్తము కోల్పోయి మరణించుచుండిరి. రోగిని రక్తము వద్దకు తెచ్చుటకు మారుగా, రక్తమునే రోగి వద్దకు గొనిపోవలెనని ఆయన నిశ్చయించెను. బార్సిలోనాలో డాక్టరు ఫ్రెడరిక్ డురాన్ ఇట్టి కార్యమును అప్పటికే ఆరంభించియుండెను. బెతూన్ మాడ్రిడ్ పౌరుల రక్తమును సేకరించి, శీతలముగా నిలువయుంచి, మోటారు బండ్లలో యుద్ధరంగమునకు చేర్చెను. 1937 ఫిబ్రవరిలో మలగా నుండి పారిపోవుచున్న కాందిశీకులను చూచి, రక్తపు సీసాలను ప్రక్కకు నెట్టి, ఆ బండిలో పిల్లలను, స్త్రీలను ఎక్కించి అల్మేరియాకు చేర్చెను.

ఆయన దోషరహితుడు కాడు. ముక్కోపి, మద్యపానాసక్తుడు. ఒకే స్త్రీని రెండుమారులు వివాహమాడి, రెండుమారులును విడిపోయెను. సహచరులతో కలహములు పెరిగి 1937లో స్పెయిన్‌ను విడువవలసివచ్చెను.

1938 జనవరిలో ఆయన చైనాకు బయలుదేరెను. జపాను సైన్యము నెదిరించుచున్న దళములతో ఉత్తర చైనా కొండలలో సంచరించుచు, గుడులలోను, గుడిసెలలోను శస్త్రచికిత్స చేసెను. ఆసుపత్రిని కోవెరగాడిదలపై మోయించెను. ఒకమారు యుద్ధము జరుగుచుండగా 69 గంటలలో 115 శస్త్రచికిత్సలు చేసెను. అంతకంటె ముఖ్యమైనది మరొకటి: రైతుబిడ్డలకు వైద్యము నేర్పి, వారికై బొమ్మలతో పాఠ్యగ్రంథములను వ్రాసెను. 1939లో చేతితొడుగులు లేక శస్త్రచికిత్స చేయుచుండగా ఆయన వ్రేలు తెగి, విషము రక్తమున కెక్కెను. పెన్సిలిన్ ఇంకను వాడుకలోనికి రాలేదు. నవంబరు 12వ తేదీన, 49వ యేట, ఒక పల్లెటూరి యింట మరణించెను.

ఆయన పేర వెలసిన శాంతి ఆసుపత్రికి 1941లో అధిపతియైనవాడు భారతీయుడే. కాంగ్రెసు 1938లో పంపిన అయిదుగురు వైద్యులలో నొకడైన షోలాపూరు వాస్తవ్యుడు డాక్టరు ద్వారకానాథ్ కోట్నిస్ ఆ స్థానమున సేవచేసి, 1942లో అచ్చటనే దేహము చాలించెను.

బెతూన్ విశ్వాసముతో ఏకీభవింపనివారు పెక్కురు కలరు. ఆయన శాఖ నొకటి విడిచి మరొకటి పట్టుట చపలత్వమని తలచినవారును కలరు. కాని క్షయరోగి మంచము మొదలు కొండపల్లెల గుడివరకు ఆయన ననుసరించి చూచినచో, మార్పులోని ఏకసూత్రము తెలియును. వైద్యము అవసరమైనవాడు ఎచ్చట దిక్కులేక పడియున్నాడో, అచ్చటికి ఏ విద్య కావలెనో ఆ విద్యనే ఆయన నేర్చెను. నేర్చినదానిని పల్లెబిడ్డల చేత బెట్టి వెళ్లెను.