ఇన్సులిన్ రూపాన్ని చూపిన డొరొతీ హాడ్జ్‌కిన్

ఇవాళ ఏ ఊళ్లో మందుల షాపుకు వెళ్లినా అక్కడొక ఫ్రిజ్, అందులో ఇన్సులిన్ ఉంటాయి. మన పూర్వ విద్యార్థుల్లోనూ, మనకు పాఠాలు చెప్పిన మాష్టార్లలోనూ రోజూ ఆ ఇంజెక్షన్ తీసుకునేవాళ్లు తక్కువేమీ కాదు. ఆ మందును 1922లో కెనడాలోని టొరంటోలో తొలిసారి ఒక మధుమేహ రోగికి ఇచ్చారు. బాంటింగ్, బెస్ట్ పేర్లు మనమంతా జనరల్ నాలెడ్జి కోసం బట్టీ పట్టినవే. కానీ మందు చేతికొచ్చాక కూడా 47 ఏళ్లపాటు, ఆ హార్మోన్ అణువు లోపల ఎలా అమరి ఉంటుందో ఎవరూ చూడలేదు. దాన్ని చూసి లోకానికి చూపించిన బృందానికి పెద్దదిక్కు డొరొతీ హాడ్జ్‌కిన్. ఆమె కథలో ఒక మామూలు స్కూలుకు, అక్కడి టీచర్లకు పెద్ద చోటే ఉంది. అందుకే మన స్వర్ణోత్సవ సంచికకు ఆమె జీవితాన్ని ఎంచుకున్నాను.

డొరొతీ 1910 మే 12న ఈజిప్టులోని కైరోలో పుట్టింది. తండ్రి జాన్ క్రోఫుట్ అక్కడి విద్యాశాఖలో ఉద్యోగి, తర్వాత సూడాన్‌లో పనిచేశాడు. తల్లి మాలీకి మొక్కల మీద, పాతకాలపు నేత పని మీద మంచి పట్టు ఉండేది. తల్లిదండ్రులు దూరదేశంలో ఉంటే పిల్లలు ఎక్కువ కాలం ఇంగ్లండులోనే పెరిగారు. పదేళ్ల వయసులో డొరొతీ ఒక చిన్న తరగతిలో పటికతోనూ, మైలుతుత్తంతోనూ స్ఫటికాలు పెంచడం నేర్చుకుంది. గిన్నెలో నీళ్లు నెమ్మదిగా ఆవిరైపోతుంటే నీలి రాళ్లు తమంతట తామే కోణాలు తీరి పెరగడం ఆ పిల్ల మనసులో నాటుకుపోయింది. ఇంటి అటక మీద సొంత లేబరేటరీ పెట్టుకుంది.

1921లో ఆమె బెకల్స్ అనే చిన్న పట్టణంలోని సర్ జాన్ లీమన్ స్కూల్లో చేరింది. అక్కడ కెమిస్ట్రీ మగపిల్లలకే. డొరొతీనీ, ఇంకో అమ్మాయినీ మాత్రం అబ్బాయిలతో పాటు ఆ క్లాసులో కూర్చోనిచ్చారు. ఆ తలుపు ఆ రోజు తెరుచుకోకపోతే ఈ వ్యాసంలో మిగతాదేదీ ఉండేది కాదు. పదహారో పుట్టినరోజుకు తల్లి ఆమెకు విలియం బ్రాగ్ రాసిన ఒక సైన్సు పుస్తకం ఇచ్చింది. ఎక్స్ కిరణాలతో స్ఫటికంలోని పరమాణువులను చూడవచ్చని ఆ పుస్తకం ద్వారానే ఆమెకు తెలిసింది. ఆక్స్‌ఫర్డ్‌లో సీటు రావాలంటే ఆ రోజుల్లో లాటిన్ తప్పనిసరి. స్కూల్లో ఆమె లాటిన్ చదవలేదు. హెడ్మాస్టరే పూనుకుని విడిగా పాఠం చెప్పి పరీక్ష గట్టెక్కించాడు.

1928లో ఆక్స్‌ఫర్డ్‌లోని సోమర్‌విల్ కాలేజీలో చేరి, డిగ్రీ అయ్యాక 1932లో కేంబ్రిడ్జిలో బెర్నాల్ దగ్గర పరిశోధనకు కుదిరింది. అప్పటిదాకా ప్రొటీన్ స్ఫటికాలను ఆరబెట్టి ఫొటోలు తీసేవారు, ఏమీ పడేది కాదు. 1934లో బెర్నాల్, డొరొతీ పెప్సిన్ స్ఫటికాన్ని దాని ద్రవంలోనే తడిగా ఉంచి ఎక్స్ కిరణాలు పంపితే ఫిల్ము మీద చుక్కలు వరసగా తేలాయి. ప్రొటీన్‌కు ఒక నిర్దిష్టమైన అమరిక ఉందని అలా తేలింది.

అదే ఏడాది ఆమె ఆక్స్‌ఫర్డ్‌కు తిరిగి వచ్చింది. రాబర్ట్ రాబిన్సన్ అనే ప్రొఫెసరు ఆమెకు 10 మిల్లీగ్రాముల ఇన్సులిన్ స్ఫటికాలు ఇచ్చాడు. చిటికెడు కూడా కాదు. వాటిని కాస్త పెద్దవిగా పెంచి, ఫొటో తీసి, రాత్రి పొద్దుపోయాక కడిగి చూస్తే ఫిల్ము మీద చుక్కలున్నాయి. ఆ ఆనందంలో ఆమె ఇంటికి పోకుండా ఊరి వీధుల్లో తిరిగింది. తెల్లారాక మళ్లీ లేబరేటరీకి పరుగెత్తి, ఆ స్ఫటికం నిజంగా ప్రొటీనేనా అని పరీక్ష చేసుకుంది. సంతోషం ఒక పక్క, సరిచూసుకోవడం ఒక పక్క. అప్పటికి ఆమెకు 24 ఏళ్లు.

ఆ ఏడాదే ఆమె చేతుల కీళ్లు వాచి నొప్పి పుట్టాయి. డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నారు. వెంట్రుకంత స్ఫటికాలను పట్టుకోవాల్సిన వేళ్లు క్రమంగా వంకర్లు పోయాయి. ఆ చేతులతోనే ఆమె మరో యాభై ఏళ్లకు పైగా పనిచేసింది.

ఫొటో పడ్డాక రూపం తెలియడానికి 35 ఏళ్లు ఎందుకు పట్టింది? స్ఫటికం గుండా వెళ్లిన కిరణాలు చుక్కలుగా పడతాయి. ఏ చుక్క ఎంత నల్లగా ఉందో ఫిల్ము చెబుతుంది. ఆ తరంగం ఏ దశలో వచ్చి చేరిందో మాత్రం చెప్పదు. దశ తెలియకుండా వెనక్కి లెక్క కట్టలేం. దీనికి ఒక ఉపాయం ఉంది. అణువులో ఒక బరువైన లోహ పరమాణువును కూర్చోబెడితే, ఎలివేషన్లు తీయడానికి మా సివిల్ ఇంజనీర్లకు బెంచ్‌మార్క్ పనికొచ్చినట్టు, అది లెక్కకు ఆధారం అవుతుంది. ఆ ఉపాయం ప్రొటీన్ల మీద పనిచేస్తుందని కేంబ్రిడ్జిలో పెరూట్జ్ చూపించేసరికి 1953 దాటింది. పైగా చుక్కలు వేలల్లో ఉంటాయి, లెక్క చేతితో అయ్యేది కాదు. ఆ లెక్క తేలాక వచ్చేది మేం సైటుకు గీసే కాంటూరు మ్యాపులాంటిదే. అక్కడ గుట్ట ఎత్తు, ఇక్కడ ఎలక్ట్రాన్ల సాంద్రత.

ఆ లోగా ఆమె ఊరికే ఎదురుచూస్తూ కూర్చోలేదు. యుద్ధకాలంలో పెనిసిలిన్ చేపట్టి, 1945 నాటికి దాని గుండెకాయ నాలుగు పరమాణువుల చిన్న వలయమని తేల్చింది. అలాంటి వలయం ఉండదని పెద్ద కెమిస్టులు వాదించారు, వాళ్లలో ఇన్సులిన్ ఇచ్చిన రాబిన్సన్ కూడా ఉన్నాడు. ఆ లెక్కలకు ఆఫీసుల్లో వాడే పంచ్ కార్డు యంత్రాలను వాడుకుంది. తర్వాత 1948 నుంచి విటమిన్ బి12. అది 181 పరమాణువుల అణువు. అది శరీరానికి అందకపోతే వచ్చే ఒక రకం రక్తహీనత అప్పట్లో ప్రాణాలు తీసేది. లాస్ ఏంజెలెస్‌లోని ఒక తొలితరం కంప్యూటరు మీద అక్కడి మిత్రులు లెక్కలు చేసి పంపుతుంటే, 1956 నాటికి దాని పూర్తి రూపం తేలింది. ఈ ఒక్కో పనితో ఇన్సులిన్‌కు కావలసిన పనిముట్టు ఒక్కొక్కటీ సమకూరింది.

1937లో ఆమె థామస్ హాడ్జ్‌కిన్‌ను పెళ్లాడింది. ముగ్గురు పిల్లలు. చరిత్రకారుడైన భర్త ఉద్యోగరీత్యా తరచూ వేరే ఊళ్లలో ఉండేవాడు. ఇల్లు, లేబరేటరీ రెండూ ఆమే నడిపింది. 1964లో కెమిస్ట్రీ నోబెల్ ఆమె ఒక్కరికే వచ్చింది. ఆ కబురు అందేనాటికి ఆమె ఘనాలో భర్త దగ్గర ఉంది. ఇంగ్లండులో కొన్ని పత్రికలు ఆమెను శాస్త్రవేత్త అనకుండా గృహిణి అని శీర్షికలు పెట్టాయి. ఆమె దగ్గర చదువుకున్నవాళ్లలో తర్వాత బ్రిటన్ ప్రధాని అయిన మార్గరెట్ థాచర్ ఒకరు. రాజకీయాల్లో గురుశిష్యులిద్దరిదీ ఉత్తర దక్షిణాలు. అణ్వాయుధాలు వద్దని గురువు శిష్యురాలితో వాదించింది. శిష్యురాలు మాత్రం గురువు చిత్రపటాన్ని ప్రధాని నివాసంలో పెట్టుకుంది.

చివరికి 1969లో ఇన్సులిన్ లొంగింది. ఆమెకప్పుడు 59 ఏళ్లు. అందులోని 51 అమైనో ఆమ్లాల వరసను ఫ్రెడరిక్ సాంగర్ 1955 నాటికే చెప్పాడు. ఆ దారం ఎలా మడతపడిందో ఇప్పుడు కనబడింది. స్ఫటికంలో ఆరు ఇన్సులిన్ అణువులు రెండు జింకు పరమాణువుల చుట్టూ గుండ్రంగా చేరి ఉన్నాయి. ఈ ఫలితం ప్రకటించిన పత్రంలో పది పేర్లున్నాయి. మొదటి పేరు ఆమెది కాదు. ఎనిమిదోది ఆమెది. అయిదో పేరు మన దేశపు ఎం. విజయన్‌ది. ఆయన తర్వాత బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు వచ్చి ప్రొటీన్ స్ఫటికాల పరిశోధనకు ఇక్కడ పునాది వేశారు. అదే కాలంలో చైనా శాస్త్రవేత్తలు కూడా బయటి ప్రపంచంతో సంబంధాలు తెగిపోయిన స్థితిలో, సొంతంగా ఇన్సులిన్ రూపాన్ని రాబట్టారు. 1972లో ఆమె బీజింగ్ వెళ్లి వాళ్ల మ్యాపును చూసి, వాళ్ల పని ఎంత గట్టిదో శాస్త్రలోకానికి తానే చాటింది.

రూపం తెలిస్తే రోగికి ఒరిగేదేమిటని అడగవచ్చు. ఆరు అణువులు గుంపుగా ఉండటం మన క్లోమంలో నిల్వకు మంచిదే. కానీ రక్తంలో పనిచేసేది విడి అణువు. సూది వేశాక గుంపు విడిపోయేదాకా మందు ఆగుతుంది, అందుకే పాత ఇన్సులిన్ భోజనానికి అరగంట ముందు తీసుకోవాలనేవారు. 1982 నుంచి జన్యువును బ్యాక్టీరియాలో పెట్టి తయారుచేసిన మానవ ఇన్సులిన్ అమ్మకానికి వచ్చింది. జన్యువును మార్చగలిగితే ఇన్సులిన్‌నూ మార్చవచ్చు. అయితే ఎక్కడ మార్చాలి? అణువులు ఒకదానికొకటి అతుక్కునే చోటు ఆ రూపంలో కనిపిస్తోంది. అక్కడ పక్కపక్కనున్న రెండు అమైనో ఆమ్లాలను తారుమారు చేస్తే గుంపు త్వరగా విడిపోతుంది. అలా వచ్చిన లిస్‌ప్రో అనే ఇన్సులిన్ 1996 నుంచి వాడకంలో ఉంది. ఇప్పుడు కంచం ముందు కూర్చుని కూడా సూది వేసుకోగలుగుతున్నారంటే దాని వెనక ఆ రూపం తెలియడం ఉంది.

లిస్‌ప్రో రావడానికి రెండేళ్ల ముందు, 1994 జూలై 29న డొరొతీ కన్నుమూసింది. అంతకుముందు ఏడాది, 83 ఏళ్ల వయసులో, చక్రాల కుర్చీలో బీజింగ్‌లో జరిగిన స్ఫటికశాస్త్ర మహాసభకు వెళ్లి వచ్చింది.

మన సంఘం స్వర్ణోత్సవ కానుకగా బడికి ఏమివ్వాలన్న చర్చ నడుస్తోంది. ఆర్చి, రంగులు, బల్లలు అన్నీ అవసరమే. వాటితో పాటు సైన్సు గదికి ఏటా కొంత సొమ్ము కేటాయించాలని నా మనవి. పటిక, మైలుతుత్తం, నాలుగు గాజు గిన్నెలు పెద్ద ఖర్చు కాదు. ఎనిమిదో తరగతి పిల్లలు, ముఖ్యంగా వెనక బెంచీలో బెరుగ్గా కూర్చునే ఆడపిల్లలు, ఆ గదిలోకి వెళ్లి తమ చేత్తో ఒక స్ఫటికం పెంచేలా చూడాలి. దాన్ని వాళ్ల చేత చేయించే ఓపిక ఉన్న టీచర్లు మన బడిలో ఇప్పటికీ ఉన్నారు.