పిల్లికూన తండ్రి

హదీసు గ్రంథం ఏది తెరిచినా ఒక పేరు పదే పదే కనబడుతుంది. జుమా ఖుత్బాలో, ఇంట్లో పెద్దలు చదివి వినిపించే కితాబులో, మక్తబ్‌లో పిల్లలు వల్లెవేసే సబఖ్‌లో ఆ పేరు వినని ముస్లిం కుటుంబం ఉండదు. ఆయనే హజ్రత్ అబూ హురైరా (రజి). ఆయన ద్వారా మనకు అందిన ఉల్లేఖనాలు, మళ్లీ మళ్లీ వచ్చినవాటితో కలిపి, 5374 అని హదీసువేత్తలు లెక్కగట్టారు. సహాబాల్లో మరెవరి నుంచీ ఇన్ని రాలేదు. అయితే ఆ పేరుకు అర్థం చెప్పినప్పుడల్లా తరగతిలో పిల్లలు పకపకా నవ్వుతారు. అరబీలో హిర్రా అంటే పిల్లి, హురైరా అంటే పిల్లికూన. అబూ హురైరా అంటే పిల్లికూన తండ్రి. అదే ఉర్దూలో చెబితే ఇంకా ఎక్కువ నవ్వుతారు.

నేను వారిని కోప్పడను. ఆ పేరు పుట్టిందే ఒక పిల్లవాడి ఆటలో నుంచి.

అబూ హురైరా (రజి) యమన్ వైపు దౌస్ తెగకు చెందినవారు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. ఇంట్లోవాళ్ల మేకలు కాయడం ఆయన పని. మేకల వెంట తిరిగే ఆ పిల్లవాడి దగ్గర ఒక చిన్న పిల్లికూన ఉండేది. పగలు దాన్ని వెంటబెట్టుకుని వెళ్లి ఆడుకునేవాడు, రాత్రి కాగానే ఒక చెట్టు మీద ఉంచేవాడు. కొండల్లో తిరిగే మృగాల భయం వల్ల కాబోలు. పొద్దున్నే మళ్లీ దింపుకుని మందతో పాటు తీసుకుపోయేవాడు. అది చూసి జనం పిల్లికూన తండ్రీ అని పిలవసాగారు. ఈ పేరెలా వచ్చిందని పెద్దయ్యాక ఒకరు అడిగితే ఆయనే ఈ సంగతి చెప్పారని ఇమాం తిర్మిజీ తమ గ్రంథంలో నమోదు చేశారు.

సరదాగా పెట్టిన పేరు ఎంతగా అతుక్కుపోయిందంటే, ఆయన అసలు పేరు ఏమిటన్న విషయంలో పండితుల మధ్య ఇంచుమించు ముప్పై అభిప్రాయాలు ఉన్నాయి. ఇస్లాంకు ముందు సూర్యుని దాసుడు అనే అర్థంలో అబ్దుష్షమ్స్ అని ఉండేదనీ, తరువాత అబ్దుర్రహ్మాన్ అయిందనీ ఎక్కువమంది అంటారు. దైవప్రవక్త (స) ఆయన్ని ప్రేమగా అబూ హిర్ అని పిలిచేవారు. హిర్ అంటే మగపిల్లి. ప్రవక్త (స) నోట వచ్చిన పిలుపు కాబట్టి ఆయనకు అదే ఎక్కువ ఇష్టంగా ఉండేదట. లోకం మాత్రం కూననే గుర్తుపెట్టుకుంది.

దౌస్ తెగకు ఇస్లాం సందేశం తెచ్చినవారు ఆ తెగవారే అయిన తుఫైల్ బిన్ అమ్ర్ (రజి). ఆయన పిలుపు అందుకున్న కొద్దిమందిలో అబూ హురైరా (రజి) ఒకరు. హిజ్రీ 7లో, ఖైబర్ యుద్ధం జరిగిన రోజుల్లో, ఆయన మదీనా చేరుకున్నారు. అప్పటికి ముప్పై ఏళ్ల లోపు యువకుడు. ఇల్లు లేదు, వ్యాపారం లేదు, పొలం లేదు. మస్జిదె నబవీలో సుఫ్ఫా అనే పందిరి కింద ఉండే నిరుపేదల్లో కలిసిపోయారు. ఒకరింట్లో తిండి కోసం కూలికి కుదిరి వారి ఒంటెలను నడిపించిన రోజులూ ఉన్నాయి. ముహాజిర్లు బజారులో, అన్సార్లు తోటల్లో తమ తమ పనులు చూసుకుంటూ ఉంటే, తాను మాత్రం కడుపు నిండితే చాలనుకుని ప్రవక్త (స)ను అంటిపెట్టుకుని ఉండేవాడినని, అన్ని హదీసులు తన దగ్గర ఉండటానికి కారణం అదేనని ఆయన తరువాత చెప్పుకున్నారు.

ఆ కడుపు ఎన్నో రోజులు నిండలేదు. ఆకలికి పొట్ట మీద రాయి కట్టుకునేవారు. మింబరుకూ హజ్రత్ ఆయిషా (రజి) గదికీ మధ్య స్పృహ తప్పి పడిపోతే, చూసినవాళ్లు పిచ్చి పట్టిందనుకుని మెడ మీద కాలు వేసేవారు. అది పిచ్చి కాదు, ఆకలి.

ఒక రోజు ఆకలి తట్టుకోలేక జనం నడిచే దారిలో కూర్చున్నారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) వెళుతుంటే ఒక ఆయతు గురించి అడిగారు. తెలియక కాదు, ఇంటికి తీసుకెళ్లి ఒక ముద్ద పెడతారేమోనని. ఆయన జవాబు చెప్పి వెళ్లిపోయారు. హజ్రత్ ఉమర్ (రజి) కూడా అంతే. చివరికి ప్రవక్త (స) వచ్చారు. ముఖం చూడగానే సంగతి గ్రహించి, చిరునవ్వుతో అబూ హిర్ అని పిలిచి వెంట రమ్మన్నారు. ఇంట్లో ఎవరో పంపిన ఒక గిన్నెడు పాలున్నాయి. సుఫ్ఫా వాళ్లందరినీ పిలుచుకు రమ్మని ఆజ్ఞ అయింది. అంతమందికి ఈ గిన్నెడు పాలు ఏ మూలకని ఆయన మనసు చివుక్కుమన్నా, మాట జవదాటలేదు. అందరూ వచ్చి కూర్చున్నారు. ఒక్కొక్కరికీ ఆయన చేతులతోనే ఇప్పించారు. అందరూ కడుపునిండా తాగాక ఆయన్ని కూర్చోబెట్టి, ఇక చోటు లేదనేదాకా తాగించి, మిగిలినవి ప్రవక్త (స) తాగారు.

ఆకలంటే ఏమిటో పుస్తకంలో చదివి తెలుసుకున్నవారు కాదు ఆయన. అందుకే కాబోలు, నోరులేని జీవాల ఆకలిదప్పుల గురించిన హదీసులు ఆయన నుంచి ఇన్ని వచ్చాయి. దాహంతో తడిమట్టి నాకుతున్న కుక్కను చూసి, బావిలోకి దిగి, తోలు మేజోడులో నీళ్లు నింపి, నోట కరుచుకుని పైకెక్కి తాగించిన మనిషికి దైవం క్షమాభిక్ష పెట్టిన వృత్తాంతం మనకు చేరింది ఆయన ద్వారానే. ఒక చీమ కుట్టిందని చీమల పుట్టనే తగలబెట్టించిన ఒక ప్రవక్తను అల్లాహ్ మందలించిన సంగతీ, పశువుల వీపులను వేదికల్లా చేసుకుని వాటి మీద కూర్చుని బాతాఖానీ కొట్టవద్దన్న హెచ్చరికా ఆయన చెప్పినవే.

పిల్లిని బంధించిన స్త్రీ సంగతి అందరికీ తెలిసిందే. ఆమె పిల్లిని కట్టేసింది. తిండి పెట్టలేదు, నేల మీది పురుగూ పుట్రా ఏరుకు తినడానికి వదలనూ లేదు. అది చచ్చిపోయింది, ఆమె నరకం పాలైంది. ఈ హదీసును హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) కూడా ఉల్లేఖించారు. అబూ హురైరా (రజి) దీన్ని చెబుతున్నారని విని హజ్రత్ ఆయిషా (రజి) ఆయన్ని నిలదీసినట్లు ఇమాం అహ్మద్ ముస్నద్‌లో ఉంది. ఒక పిల్లి కారణంగా విశ్వాసిని శిక్షించడం అల్లాహ్ ఔన్నత్యానికి తగదనీ, ఆ స్త్రీ అసలే అవిశ్వాసి అనీ, హదీసు చెప్పేటప్పుడు ఎలా చెబుతున్నారో చూసుకోమనీ ఆమె అన్నారు. తాను ప్రవక్త (స) నుంచి విన్నదే చెబుతున్నానని ఆయన జవాబు. తరువాతి కాలంలో ఇమాం నవవీ ఆ స్త్రీ ముస్లిమేననీ, ఆ పాపం వల్లే శిక్ష పడిందనీ తేల్చారు. పండితుల మధ్య ఎన్ని మాటలు నడిచినా, పెంచుకున్న జంతువుకు మేత, నీళ్లు ఇవ్వడం యజమానికి విధి అన్న విషయంలో భేదం లేదు. పిల్లిని పెంచుకోవచ్చు, దాన్ని పస్తు పెట్టకూడదు.

మన ఇళ్లలో ఏం జరుగుతుంది? అటక మీద పిల్లి ఈనితే, కళ్లు తెరవని కూనలను గోనెసంచిలో వేసి కాలువ అవతల వదిలి వస్తారు. తల్లి నాలుగు రోజులు అరుస్తూ ఇల్లంతా తిరుగుతుంది. ఆ స్త్రీ కట్టేసింది, మనం విసిరేశాం. రెండింటిలోనూ ప్రాణం పోయేది ఆకలితోనే. పిల్లి ఎదురొచ్చిందని చెప్పులు విడిచి ఇంట్లోకి వెనక్కి వచ్చే ముస్లిములు కూడా ఉన్నారు. శకునాలు లేవని చెప్పిన హదీసు ఉల్లేఖకుల్లోనూ అబూ హురైరా (రజి) పేరు ఉందని వారికి ఎవరైనా చెప్పాలి.

పిల్లి మూతి పెట్టిన పాలు పారబోయాలా అని ఏటా ఎవరో ఒక పిల్లవాడు నన్ను అడుగుతాడు. ఇందులో ఒక విశేషం ఉంది. పిల్లి నాకిన గిన్నెను ఒకసారి కడగాలన్న మాట అబూ హురైరా (రజి) నుంచే వచ్చింది. అది ఆయన సొంత మాటే గాని ప్రవక్త (స) మాట కాదని హదీసువేత్తల అభిప్రాయం. పిల్లికూన తండ్రి అయినా గిన్నె కడగమనే అన్నారు! మరోవైపు హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఇంటి ఉదంతం ఉంది. కోడలు కబ్షా ఆయన వుజూకు నీళ్లు పోస్తుంటే పిల్లి వచ్చింది. ఆయన పాత్రను వంచి దాన్ని తాగనిచ్చారు. ఆమె వింతగా చూస్తుంటే, పిల్లి అశుద్ధం కాదనీ, మన చుట్టూ తిరిగే వాటిలో ఒకటనీ ప్రవక్త (స) చెప్పారని వివరించారు. ఆయిషా (రజి) నమాజులో ఉండగా ఒకామె హరీసా తెచ్చి పెట్టింది. మన హలీంకు అది దగ్గరి చుట్టం. పిల్లి వచ్చి కొంత తిన్నది. నమాజు ముగించి ఆమె పిల్లి తిన్న చోటి నుంచే తిన్నారు. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ ఫిఖహ్‌లో పిల్లి ఎంగిలి నజిస్ కాదు, మక్రూహె తన్జీహీ. వేరే నీళ్లుంటే వాటితో వుజూ మేలు, లేకపోతే అవే చాలు. అప్పుడే ఎలుకను తిని ఆ మూతితోనే తాగితే మాత్రం ఆ నీళ్లు పనికిరావు.

ఇక్కడ ఇంకొక మాట. ప్రవక్త (స)కు ముఇజ్జా అనే పిల్లి ఉండేదనీ, అది నిద్రపోతుంటే లేపలేక చొక్కా చెయ్యి కత్తిరించుకుని నమాజుకు వెళ్లారనీ చాలామంది చెబుతుంటారు. నమ్మదగిన హదీసు గ్రంథాల్లో ఇది లేదు. ఇలాంటి ఉదంతాన్ని చరిత్రకారుడు ఇమాం జహబీ రాసింది హిజ్రీ 578లో మరణించిన షేక్ అహ్మద్ రిఫాయీ (రహ్మ) గురించి. ఆయన నమాజు నుంచి తిరిగివచ్చి ఆ చెయ్యిని మళ్లీ కుట్టుకున్నారట. కథ ఎంత ముద్దుగా ఉన్నా, ప్రవక్త (స) పేరున చెప్పేముందు విచారించాలి. అబూ హురైరా (రజి) జీవితమంతా కాపాడింది ఆ జాగ్రత్తనే.

ఆయన తల్లి చాలాకాలం ఇస్లాం స్వీకరించలేదు. ఒక రోజు ఆమె ప్రవక్త (స) గురించి అనరాని మాట అంటే, ఏడుస్తూ వెళ్లి ఆమె కోసం దుఆ చేయమని వేడుకున్నారు. తిరిగి వచ్చేసరికి తలుపు మూసి ఉంది. లోపల నీళ్ల చప్పుడు. ఆమె స్నానం ముగించి, తొందరలో తల మీద ఓఢ్నీ అయినా వేసుకోకుండా తలుపు తీసి కలిమా పలికింది. ఈసారి సంతోషంతో ఏడుస్తూ మళ్లీ మస్జిదుకు పరుగెత్తారు. ఆమె బతికున్నంత కాలం తోడుగా ఉండటం కోసం హజ్‌కు కూడా వెళ్లలేదని సహీహ్ ముస్లింలో ఉంది.

హజ్రత్ ఉమర్ (రజి) ఆయన్ని బహ్రెయిన్‌కు అధికారిగా పంపి, తిరిగి వచ్చాక తెచ్చిన సొమ్ముకు లెక్క అడిగారు. గుర్రాలు ఈనాయనీ, కానుకలు వచ్చాయనీ ఆయన విడమరిచి చెప్పారు. తరువాత మళ్లీ పదవి ఇవ్వజూపితే వద్దన్నారు. మర్వాన్ కాలంలో మదీనాకు తాత్కాలిక అధికారిగా ఉన్నప్పుడు కట్టెలమోపు వీపున వేసుకుని బజారులో నడుస్తూ, అమీరు వస్తున్నాడు దారి ఇవ్వండని హాస్యమాడేవారు. ఒకప్పుడు తాను తిండికి కూలి చేసిన ఇంటి స్త్రీయే ఆయన భార్య అయింది. రాత్రిని మూడు భాగాలు చేసి ఆయన, భార్య, సేవకుడు వంతులవారీగా లేచి ఆరాధన చేసేవారని ఆ ఇంట్లో ఏడు రోజులు అతిథిగా ఉన్న అబూ ఉస్మాన్ నహ్దీ చెప్పారు. ఒకసారి వేయించిన మేక మాంసం ముందు కూర్చున్నవారు పిలిస్తే, ప్రవక్త (స) బార్లీ రొట్టె అయినా కడుపునిండా తినకుండానే లోకం విడిచారని గుర్తుచేసుకుని తినలేదు.

చివరి జబ్బులో ఆయన ఏడ్చారు. ఎందుకని అడిగితే, ఈ లోకం కోసం కాదనీ, ప్రయాణం దూరం, దారిబత్తెం తక్కువనీ చెప్పారు. హిజ్రీ 59లో అని కొందరు, 57 లేదా 58లో అని కొందరు అంటారు, డెబ్భై ఎనిమిదేళ్ల వయసులో కన్నుమూశారు. మదీనా అధికారి వలీద్ బిన్ ఉత్బా జనాజా నమాజు చేయించారు. జన్నతుల్ బఖీలో ఖననం చేశారు. పిల్లిని బంధించిన స్త్రీ హదీసును తామూ ఉల్లేఖించిన అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి), ఆ రోజు జనాజాకు ముందు నడుస్తూ ఆయనపై కారుణ్యం కురిపించమని అల్లాహ్‌ను వేడుకుంటూనే ఉన్నారు.